ఆదివారం కట్టిన పంజరం

భార్య ఎస్తేరుకు గంజి పట్టి, మూతి తుడిచి, గిన్నె కడిగి బోర్లించి, యేసేపు మళ్లీ వసారాలో తీగచుట్ట ముందు కూర్చున్నాడు. ఆదోని ప్రెస్సింగు మిల్లులో పత్తి బేళ్లకు తీగ బిగించే పని అతనిది. ఇరవై రెండేళ్లుగా బిగించి బిగించి రెండు బొటనవేళ్లూ బయటికి వంగిపోయాయి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ తెల్లటి నూగు. ఆ చేతులకు పంజరం అల్లడం కష్టమేమీ కాలేదు.

చిలకపిల్ల అట్టపెట్టెలో ఉంది. మొన్నటి గాలివానకు మిల్లు వెనక చెట్టుకొమ్మ విరిగితే కింద దొరికింది. మెడ దగ్గర ఈకలు ఇంకా సరిగా రాలేదు. దాన్ని చేతిలోకి తీసుకోగానే అతనికి ఎస్తేరు గుర్తొచ్చింది. అతను డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె ఒంటరిగా పైరేకులు చూస్తూ ఉంటుంది.

తోటి కూలీ ఉరుకుందప్ప ఇంట్లో పావురాలున్నాయి. నిన్న అతన్ని అడిగితే, "గుండ్రంగా కట్టొద్దన్నా. పొడుగ్గా కట్టు, రెక్కలు సాపుకోవాల. ఇనుపకడ్డీ మీద కూర్సుంటే కాళ్లు పుండ్లు పడతాయి. కొమ్మలు పెట్టు. ఒకటి లావుది, ఒకటి సన్నది" అన్నాడు.

అందుకే వేపకొమ్మలు తెచ్చాడు. బెరడు ఉంచేసి, గుచ్చుకునే కణుపులు మాత్రం రాతి మీద అరగదీశాడు. లావు కొమ్మ కిందికి, సన్నది పైకి. రెట్ట పడకుండా నీళ్ల డబ్బా పక్కకు.

ఎస్తేరు మంచం కూడా వసారాలోనే ఉంది. బొంత మడిచి వీపుకు పెట్టి ఆమెను గోడకు ఆనించాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడివైపు కదలదు. మాటల్లో "ఊ" ఒక్కటే మిగిలింది. ఆమె పంజరాన్ని చూడడం లేదు. అతన్నే చూస్తోంది.

"నేను పనికి పోయినా ఇది నీకు తోడుంటాది. మాటలు గూడా నేర్సుకుంటాది" అన్నాడు.

"ఊ."

ఆమె ఎడమచెయ్యి మంచం మీద, తన పక్కనున్న ఖాళీలో, రెండుసార్లు తట్టింది.

"ఈ కొమ్మ కట్టేసి వస్తా" అన్నాడు యేసేపు, తల ఎత్తకుండా.

చర్చి నుంచి తిరిగొస్తున్న పక్కింటి మేరి గడప దగ్గర ఆగింది. "ఎంత సక్కగ సూసుకుంటాండావు యేసేపన్నా. ఇట్ల యే మొగోడు సేస్తాడు? రోజూ నీకోసరం గూడా ప్రార్థన సేస్తాన్నా."

పట్టుకారు జారి అతని వేలు నలిగింది. మేరి వెళ్లిపోయాక కూడా అతను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు.

రెండేళ్ల కిందట, ఆమె పడిపోయిన రోజు, మిల్లు మంచి సీజన్లో ఉంది. పొద్దున్నే ఎస్తేరు గుమ్మం పట్టుకుని, తల దిమ్ముగా ఉంది, ఈ పొద్దు పోవద్దు అంది. నాగా పెడితే పేరు తీసేస్తారంటూ అతను చెప్పులు వేసుకున్నాడు. సాయంత్రం వచ్చేసరికి ఆమె పొయ్యి పక్కన పడి ఉంది. అన్నం మాడి బొగ్గయింది. పొద్దున్నే తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఉన్నట్టుండి పడిపోయిందని యేసేపు అందరికీ చెప్పాడు. కాదని చెప్పగలిగింది ఎస్తేరు ఒక్కతే. ఆమెకిక మాట రాదని తెలిసినప్పుడు అతనికి లోపలెక్కడో ఊపిరి తేలికపడింది. ఆ తేలికే అప్పటినుంచి అతన్ని తింటోంది.

స్నానం చేయిస్తాడు, తల దువ్వుతాడు, గుడ్డలుతుకుతాడు. ఏ పనీ లేకుండా ఆమె పక్కన కూర్చోవడం మాత్రం అతని వల్ల కాదు. తన బదులు మాట్లాడడానికి చిలకను తెచ్చాడు.

ఎండ వసారా గట్టు దిగింది. చివరి కొమ్మ మిగిలింది. ఆమెకు వీపు పెట్టి, తీగ మెలి తిప్పుతూ, "ఎస్తేరూ" అన్నాడు. "ఆ పొద్దు నువ్వు పోవద్దంటివి. నేను ఇన్లేదు. అందరికీ అబద్ధం సెప్పినా."

తీగ కొస లోపలికి వంచాడు, పిల్లకు గీసుకోకుండా.

"తప్పు నాదే."

"ఊ" కోసం ఆగాడు. అట్టపెట్టెలో పిల్ల గీరుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కోపమొచ్చిందనుకున్నాడు. రావలసిందే అనుకున్నాడు. పిల్లను తీసి పంజరంలో పెట్టాడు. అది ఒకసారి జారి, లావు కొమ్మను గట్టిగా పట్టుకుని నిలబడింది.

"సూడు, కూర్సునింది" అంటూ తిరిగాడు.

ఎస్తేరు తల భుజం మీదికి వాలిపోయి ఉంది. కళ్లు సగం మూసుకున్నాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అతను ఆమె పక్కనున్న ఖాళీలో కూర్చున్నాడు. మాట విని పోయిందో, వినకముందే పోయిందో అతనికి తెలియలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, తర్వాత మేరిని పిలిచాడు.

నలుగురు వచ్చి ఆమెను కిందికి దించారు. పిల్ల కోసం అతను నానబెట్టిన వేరుశనగ గింజల గిన్నె మంచం మీద గోడవారగా ఉంది. పక్కనే దుప్పటి మీద, ఆమె ఎడమచెయ్యి ఆనినచోట, పొట్టు తీసిన గింజలు ఆరు ఉన్నాయి. ఏడోదానికి ఎర్రటి పొట్టు సగమే వచ్చింది.