కూలగొట్టాల్సిన బ్యారన్

మా ఆయనకు నాకంటే బ్యారన్ అంటేనే ప్రాణమని పెళ్ళయిన ఏడాదే అర్థమైంది. పొగాకును వేడికి పండబెట్టే ఆ మట్టి గదికి చిన్న బీట పడితే చాలు, తిండి మానేసి మరీ మెత్తుతాడు. నాకు జ్వరమొస్తే మాత్రం అదే తగ్గిపోతుందిలే అంటాడు.

నిరుడు ప్రభుత్వం పొగాకు మానేసే రైతులకు సబ్సిడీ ఇస్తామంది. సంతకం పెట్టాక బ్యారన్‌లో మంట పెట్టకూడదు. అధికారి వచ్చి పొయ్యి చల్లారి ఉందని చూసుకోవాలి, ఆయన ఎదుటే దాన్ని కూలగొట్టాలి. అప్పుడే డబ్బు ఇస్తారు.

ఆ డబ్బు నా కంటికి. ఆకును రంగుల వారీగా వేరుచేస్తూ బతుకంతా గడిపినదాన్ని. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి వానలు వెళ్ళేలోగా ఆపరేషన్ చేయకపోతే అదీ దక్కదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. ఇంటికొచ్చి మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆ రోజు మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

తర్వాత ముసురు పట్టింది. గోడలు చెమ్మ తాగేస్తున్నాయని ఈయన గొణుగుడు మొదలెట్టాడు. ముసురు రోజుల్లో చిన్న మంట వేసి గోడలు ఆరబెట్టడం మా పొగాకు ఇళ్ళలో ఉన్నదే. రేపో మాపో కూలిపోయే గోడకు చెమ్మయితే ఏంటి, చెదలయితే ఏంటని కేకలేశాను. తలూపాడు. ఆ ఊపుడు నమ్మాను చూడండి, అక్కడే దెబ్బతిన్నాను.

అధికారి వచ్చిన పొద్దున ఉతికిన చీర కట్టుకుని ఎదురెళ్ళాను. మర్యాదస్తుడే, అమ్మా అనే పిలిచాడు. పెరట్లో అడుగుపెట్టగానే ఆగిపోయాడు. నాకు అంతా మసక. ముక్కు మాత్రం బాగానే ఉంది కదా, కట్టెల పొగ తగిలింది.

పొయ్యి ఎవరు వెలిగించారని అడిగాడు. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేలోగా మా ఆయన ముందుకొచ్చాడు.

"నేనే బాబూ. గోడ పాడైపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

"ఎలాగూ కూల్చేసేదే కదా?"

"కూల్చేదాకా నాదే కదా బాబూ."

అధికారి లోపలికెళ్ళి చూశాడు. ఆకు లేదని ఒప్పుకున్నాడు. పాపం, కాసేపు తటపటాయించాడు కూడా. కానీ పొయ్యి ఫోటో పంపాలట, నిప్పు కనబడితే పైవాళ్ళు ఒప్పుకోరట. మళ్ళీ వచ్చే ఏడు పెట్టుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

"నా నోట్లో మట్టి కొట్టావు కదయ్యా" అన్నాను. ఆయన పొయ్యి ముందే చతికిలబడ్డాడు. మంట ఆర్పడానికి కూడా లేవలేదు.

నా కన్ను వచ్చే ఏడు దాకా ఆగలేదు. వానలతోపాటే పోయింది. సబ్సిడీ లేదు గనక మళ్ళీ పొగాకే వేశాం. ఇప్పుడు ఆకు రంగులు ఆయనే చూసి విడదీస్తాడు. సగం తప్పులే. నేను వేళ్ళతో తడిమి తిడతాను, పడతాడు.

నిన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బ్యారన్ గోడ వారన కూర్చోబెట్టాడు, వెచ్చగా ఉంటుందని. నా అరచేతిని గోడకు ఆనించి పైనుంచి కిందిదాకా మెల్లగా జరిపాడు. ఎక్కడా ఒక్క బీట లేదు. ఒళ్ళు మండి చెయ్యి విదిలించుకోబోయి ఆగాను. లేచి ఇంట్లోకి వెళ్ళాలన్నా ఆయనే తీసుకెళ్ళాలి.