నాలుగో నంబరు గొట్టం

2012 ఆగస్టు 14. ఉదయం పదకొండు గంటలకు బస్తర్ గని దిగువ ఊళ్లో పంతొమ్మిది ఇళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటికి కట్ట తెగలేదు.

ఖనిజం కడిగిన బురదను ఆపేది ఆ మట్టికట్టే. అయిదు రోజులుగా వాన. మబ్బు దిగితే కట్టకు ఒక కొసే కనిపించేది, రెండో కొస ఉందని నమ్మాలి. ఊరిని కదిలించాలా వద్దా అన్నది వెంకటనారాయణ తేల్చాలి. గని ఆఫీసులో ప్రమాదాల అంచనా ఆయన పని.

తెల్లవారగానే ముగ్గురు ఇంజినీర్లను విడివిడిగా అడిగాడు. శాతాల్లో చెప్పమంటే తడుముకుంటారని ఇరవై ఇప్పగింజలు, రెండు ఆకుదొప్పలు ముందుపెట్టాడు. నిలుస్తుందనడానికి ఒకటి, తెగుతుందనడానికి ఒకటి. ముగ్గురూ తెగే దొప్పలో ఒక్కో గింజే వేశారు. కంప్యూటర్లో ఒక్కొక్కరికి ఒక వలయం గీశాడు; మూడు వలయాల నుంచి కట్టకు మూడు బాణాలు. సగటు అయిదు శాతం. ముప్పై దాటితేనే ఊరు కదలాలి.

గింజలు తెచ్చినామె పేరు సన్నే, ఆఫీసు ఊడుస్తుంది. ఎర్రబోరు నుంచి ఆ దిగువ ఊరికి కోడలిగా వచ్చింది.

"ఏంది సారూ, ఇరవై గింజలకు ముగ్గురు పెద్దసార్లా? మా అత్త ఒక్కతే బస్తా ఏరుతది."

"అయితే నువ్వూ వెయ్యి."

తెగే దొప్పలో పద్నాలుగు వేసింది.

"అన్నెందుకు?"

"కట్ట కింద ఊటనీళ్లు పోయినేడు తేటగ వచ్చినయ్. ఇప్పుడు ఎర్రగ వస్తున్నయ్. లోపల మన్ను పోతాంది."

ఆమెకో వలయం గీశాడు. నలుగురి సగటు ఇరవై ఒకటి.

"చాలదు సన్నే. కట్టలో నీటిమట్టం చూడ్డానికి దింపిన గొట్టాల్లో నీళ్లు పెరగలేదని వాళ్లు ముగ్గురు చెప్తున్నారు."

"ముగ్గురూ ఆ ఒక్క గొట్టంలనే తొంగి చూస్తరు. ముగ్గురెట్లయితరు సారూ?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. బాణాలు వాగులయ్యాయి. మూడు వాగులు ఎగువకు పారి ఒకే గొట్టం నోట్లో దూరాయి. గొట్టం లోపల వాన పడుతోంది. సన్నే ఇల్లు అందులో తేలుతోంది, గుమ్మంలో ఆమె అత్త గింజలు ఏరుతోంది. కళ్లు తెరిచేసరికి దొప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఫైళ్లు తీశాడు. ముగ్గురి నివేదికల్లోనూ ఒకే కొలత: నాలుగో నంబరు గొట్టం. జూన్ నుంచి అంకె మారలేదు. మూడు వలయాలు చెరిపి ముగ్గురికీ కలిపి ఒకటి గీశాడు. సన్నే వలయం పక్కనే ఉంది. రెండింటి సగటు ముప్పై ఏడున్నర.

"సామాను కట్టుకోండి."

"సంతకం పెట్టు సారూ. మా అత్త ఉత్తమాటకు లెవ్వది."

తొమ్మిదీ నలభైకి సంతకం పెట్టాడు. పదకొండుకు ఊరంతా గట్టు మీది బడికి చేరింది. సన్నే అత్త నెత్తి మీది గింజల బస్తా దింపనివ్వలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు, పన్నెండు మీటర్ల లోతున్న నాలుగో నంబరు గొట్టంలోకి కొలతతాడు వదిలారు. రెండు మీటర్ల దగ్గరే, గొట్టంలో పూడిపోయిన బురదకు తగిలి ఆగింది.