తేలికైన కుర్చీ

నతిజోనే ఏటి ఒడ్డున మా ఊళ్లో అందరిదీ కుర్చీల పనే. మగవాళ్లు కొయ్య చిత్రిక పడతారు, ఆడవాళ్లు తుంగతో అల్లుతారు. ఇంట్లో మాత్రం ఎవరి కుర్చీ వాళ్లే అల్లుకోవాలి. అల్లినవాళ్ల బరువు అందులో చేరిపోతుంది. అందుకే శనివారాలు ఊడ్చేటప్పుడు కుర్చీలు ఎత్తలేక ఈడుస్తారు. మా ఆడవాళ్ల నడుం నొప్పులన్నీ ఆ పుణ్యమే.

ఆ శనివారం కోడలు డెల్ఫినా నిండు నెలలతో వంగలేక రొట్టెల కొట్టుకు వెళ్లింది. అత్త ఒనొరీనా చీపురు పట్టింది. కోడలి కుర్చీ ఈడవబోతే రెండు వేళ్లకే పైకి లేచింది. ఒనొరీనా దాన్ని మెల్లగా దించింది. భర్త కుర్చీ కూడా ఇలాగే లేచింది, వారం తిరక్కుండా ఆయన పోయాడు. తేలికైన కొయ్య మళ్లీ బరువెక్కదు. అయితే ఆ కొయ్య ఎవరిదన్నది అల్లికే చెబుతుంది.

కోడలంటే ఆమెకు ఏనాడూ పడలేదు. అయినా ఊడవడం పూర్తిచేసి, తుంగ తడిపి, కత్తి తీసింది.

డెల్ఫినా తిరిగొచ్చేసరికి తన అల్లిక నేల మీద ముక్కలై ఉంది. అత్త ఆ చట్రం మీద కొత్తగా అల్లుతోంది.

"అత్తా! చచ్చినవాళ్ల అల్లిక కదా కోసేది! నేనింకా బతికే ఉన్నాను!"

"ఆ వదులు అల్లిక రెండేళ్లుగా చూడలేక చస్తున్నానే. అవి చేతులా, గరిటెలా? నాదీ కోసేశాను. దాని చట్రం గట్టిది, నువ్వు అల్లుకో. ఈసారైనా బిగించి ఏడువు."

డెల్ఫినా ఏడుస్తూనే అల్లింది. కోపంలో అంత బిగువు ఎక్కడినుంచి వచ్చిందో! ఒనొరీనా బొటనవేలితో నొక్కి చూసి, "పర్లేదు," అంది. ఆ తర్వాత కోడలు ఆమెతో మాట్లాడితే ఒట్టు.

గురువారం పొద్దున అత్త పొయ్యి దగ్గర ఉండగా, డెల్ఫినా తన పాత కుర్చీని విసురుగా లాగింది. అది గాల్లోకి లేచింది.

"అత్తా... నీ కుర్చీ..."

"తెలుసు. శనివారం నుంచీ అంతే."

"శనివారం పొద్దున అది నాది కదా!"

ఒనొరీనా పొయ్యి మీది మొక్కజొన్న పోలెంటా కలుపుతూనే ఉంది.

"కత్తి ఏదీ? నేను మళ్లీ అల్లుకుంటాను, ఇవ్వత్తా!" అంటూ డెల్ఫినా సొరుగులన్నీ లాగింది. అంతలోనే నొప్పులు మొదలయ్యాయి.

"కత్తి ఏట్లో ఉంది. వెళ్లి పడుకో. బిడ్డ సంగతి చూడు," అని ఒనొరీనా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నానికి నెత్తురు ఆగక మంత్రసాని ఫాదరీకి కబురు పెట్టింది. డెల్ఫినాకు వంటింట్లో కుర్చీ కిర్రుమనడం వినిపిస్తూనే ఉంది. ఆడపిల్ల కేరుమంది. కుర్చీ చప్పుడు ఆగిపోయింది. మెల్లగా నెత్తురూ ఆగింది.

ఒనొరీనా అంత్యక్రియలయ్యాక ఆమె కొడుకు తార్చీజియో ఆచారం ప్రకారం తల్లి అల్లిక కోయడానికి పక్కింటి కత్తి తెచ్చాడు. డెల్ఫినా పిల్లను ఎత్తుకుని అడ్డంగా నిలబడింది.

"కోయకు. అది నా కుర్చీ. నేనింకా బతికే ఉన్నాను."