ఒకటే బార్లీ, గుప్పెడు గోధుమ

పళ్ళ కింద గింజ పటుక్కుమంది.

ముందు తీపి. ఆ వెనకే కమ్మదనం... పెనం మీంచి రొట్టె దించినప్పుడు వచ్చే వాసన లాంటిది.

నెల్స్ కళ్ళు మూసుకున్నాడు. గింజల దుకాణంలో అతనెప్పుడూ ఇంతే. మొలకెత్తించి వేయించిన బార్లీ, డబ్బాల నిండా. మూత తీస్తాడు. ఒక్క గింజ కొరుకుతాడు. ఇది తేనె. ఇది కాల్చిన వేరుశనగ. ఇది మాడిన పంచదార పాకం. ఇది — నల్లగా, చేదుగా — కాఫీ.

అన్నీ కావాలి. ఏదీ వదలలేడు.

ఇంటి వెనక షెడ్డులో బీరు కాచుకునే మనిషికి ఇంతకంటే పండగ ఏముంటుంది?

కానీ ఈసారి పక్కన భార్య ఉంది. ఓడెట్. ఎప్పుడూ దుకాణానికి రాని మనిషి. చేతులు కట్టుకుని నిలబడింది.

ఓడెట్ పుట్టింది హాప్ తోటలో. యాకిమా లోయలో, మాక్సీ ఊరి చివర. ఎత్తైన స్తంభాల మీద ఇనప తీగెలు, వాటి నుంచి దిగిన తాళ్ళు, తాళ్ళ వెంట పాకే పచ్చదనం, పచ్చదనం నిండా వేలాడే పువ్వులు. బీరుకి చేదునిచ్చే పువ్వులు. పరిమళమిచ్చే పువ్వులు. తోట ఇప్పుడు ఆమెదీ, అన్న ఆర్మాండ్‌దీ. కొత్త రకాలకి గిరాకీ ఉంది. కాలువ గట్టు వెంట తాత నాటిన పాత రకానికి లేదు.

తొలి మంచు పడగానే ఆ వరసలు పీకించేస్తానని మొన్న భోజనాల దగ్గర అన్నాడు ఆర్మాండ్.

"వాసనకేం, బాగానే ఉంటుంది. గ్లాసులో ఏదీ? ఇన్నేళ్ళుగా మీ ఆయన ఆ పువ్వులేసే కాస్తున్నాడు. నాకెప్పుడూ రొట్టె తాగినట్టే ఉంది!"

అప్పుడు నెల్స్ పగలబడి నవ్వాడు. ఓడెట్ నవ్వలేదు.

అన్న అన్నది నిజం. ప్రతి ఏడూ ఆమె పువ్వులిచ్చింది. ప్రతి ఏడూ అవి ఆ తేనెలో, ఆ పాకంలో మునిగిపోయాయి. ప్రతి ఏడూ ఆమె "బాగుంది" అంది.

ఈ ఏడు అనదలచుకోలేదు.

"ఒకటే తీసుకో," అంది.

"ఒకటా?"

"ఆ లేత రంగుది. ఇంకేం వద్దు."

"అది ఉత్త బార్లీ, ఓడెట్. దానికి రుచేముంది?"

"అందుకే."

నెల్స్ డబ్బాల వైపు చూశాడు. ఊరెళ్తూ పిల్లల్ని విడిచిపెట్టే మనిషిలా చూశాడు.

"గుప్పెడు గోధుమ? నురగ నిలబడాలిగా..."

"గోధుమ నోరు మూసుకుని ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే వెయ్యి."

షెడ్డులో చిన్న మర తిరిగింది. తెల్లటి పిండి గాలిలో లేచింది. నెల్స్ రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు —

గింజలు.

తేనె రంగువి. గుప్పెడు. ఎప్పుడు పడ్డాయో ఆ చేతికే తెలియాలి.

ఎవరూ చూడటం లేదు. ఒక్క గుప్పెడు... ఇంత బార్లీలో ఎవరికి తెలుస్తుంది?

కిటికీలోంచి చూశాడు. కోత అయిపోయిన వరసల మధ్య ఓడెట్ నడుస్తోంది. ఒక్కో స్తంభాన్నీ తట్టి వెళ్తోంది. గొడ్ల సావిట్లో ఆవుల్ని తట్టినట్టు.

నెల్స్ ఆ గుప్పెడూ నోట్లో పోసుకున్నాడు. మొత్తం నమిలేశాడు. దవడలు నొప్పి పుట్టేదాకా.

తర్వాత నీళ్ళు కాగాయి. గింజల తీపి నీళ్ళలోకి దిగింది. మంట ఆర్పాక ఓడెట్ వచ్చి కాలువ గట్టు పువ్వులు కుమ్మరించింది. దోసిళ్ళతో. ఆవిరి పచ్చగా లేచిందా అనిపించింది.

ఇక ఎదురుచూపు. పీపాలో గుడగుడ... గుడగుడ... ఒకరోజు నిశ్శబ్దం.

తొలి మంచు పడిన ఆదివారం ఆర్మాండ్ వచ్చాడు. టోపీ తీయకుండానే చెప్పాడు — "రేపు ట్రాక్టరు వస్తోంది."

ఓడెట్ బీరు నింపిన గ్లాసు చేతిలో పెట్టింది.

ఎండుగడ్డి రంగు. పైన తెల్లటి నురగ. నెల్స్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. పువ్వుల్ని దాయడానికి ఈసారి అతని దగ్గర ఏ తీపీ లేదు.

ఆర్మాండ్ ఏదో వేళాకోళం ఆడబోతూ గుక్క తాగాడు.

ఆగాడు.

కమలా తొక్క గోటితో గీరినట్టు. ఆ వెనక దేవదారు. ఆ వెనక — వాన కురిసిన గట్టు.

"ఏం వేశావు బావా ఇందులో?"

"ఏం వెయ్యలేదు," అన్నాడు నెల్స్. కొంచెం దిగులుగా. కొంచెం గర్వంగా.

ఆర్మాండ్ గ్లాసుతోనే బయటికి నడిచాడు. మంచు మీద అతని అడుగులు కరకరలాడాయి. కాలువ దాకా వెళ్ళాడు. నిలబడ్డాడు. తాగాడు. మళ్ళీ నిలబడ్డాడు.

వంటింటి కిటికీలోంచి ఇద్దరూ చూశారు.

తిరిగొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు ఖాళీ.

"కొనేవాడు లేడు," అన్నాడు. "ఇప్పటికీ లేడు."

"తెలుసన్నయ్యా."

"వసంతంలో ఆ వరసలకి తాళ్ళు నువ్వే కట్టించుకోవాలి. ఈ మోకాళ్ళతో నేను ఎక్కలేను."

"నేనెక్కుతా," అన్నాడు నెల్స్.

"నువ్వా! నువ్వెక్కితే స్తంభం కూలుతుంది బావా!"

ముందు ఓడెట్ నవ్వింది. తర్వాత ముగ్గురూ. ఎవరి నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు.

వచ్చే ఏడు సరే. ఆ పై ఏడు... ఎవరూ అడగలేదు.

ఆర్మాండ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కున్నాడు. ఖాళీ గ్లాసు చెల్లెలి వైపు జరిపాడు.

బయట ఎండెక్కింది. తోట మీది తీగెల నుంచి మంచు కరిగి, చుక్క... చుక్క... కాలువ గట్టున రాలుతోంది.