కొండ కొసకా, గుడిసె దాకానా

మంచులో దిగబడకుండా బూట్లకింద వెడల్పాటి మంచుజోళ్లు కట్టుకుని ఆదివారం అడవికి వెళ్ళాలి. ఎక్కడి దాకా అన్నది తేల్చడానికి నడిచేవాళ్ళంతా మా వంటింట్లో చేరారు. మా క్యూబెక్ పల్లెలో ఈ నడకకు నాయకుడు రెజాన్. ఏటా కొండ కొసకే లాక్కెళ్తాడు. కొత్త మంచులో ముందు నడిచి దారి తొక్కే పని ఇంకొకరికి వదలడు, అదో పొగరు.

ఈసారి నా మోకాలు ససేమిరా అంటోంది. ఎన్నాళ్ళుగానో నాన్చి, చివరికి కాఫీ పోస్తూ అనేశాను.

"నేను సగం దారిలో ఉన్న గుడిసె దాకే. మీరు వెళ్ళిరండి."

ఏటా మాతో వచ్చే ఒడిలాన్ గొంతు సవరించుకున్నాడు.

"నిన్నొక్కదాన్నే వదిలేసి ఎలా పోతాం? నేనూ ఆగిపోతాలే."

తన తుంటినొప్పి ఊసెత్తలేదు, గడుసువాడు.

రెజాన్ మూతి ముడిచాడు. "అయితే కొండ పోయినట్టే. అంతా నీ వల్లే, గిలెన్."

"తిట్టుకో, పర్లేదు. గుడిసెలో పొయ్యికి కట్టెలున్నాయా?"

"ఉన్నాయి," అన్నాడు రెజాన్, కాఫీ కప్పులోకి చూస్తూ. "నిన్ననే మోసి పెట్టొచ్చాను. బఠాణీ సూపుకి గిన్నె కూడా."

మేమంతా అతని వంకే చూశాం.

"దారి కూడా అక్కడిదాకే తొక్కొచ్చాను," అన్నాడు.