వాము వేసిన కారం

మా బడి గంపలగూడెంలో, ఇల్లు తిరువూరులో. సాయంత్రం ఇంటికి రావడానికి నాకు కుదిరే బస్సు ఒకటే. ఆ బస్సులోనే మధుసూదనరావు కూడా వస్తాడు. నా గొడవంతా అదే.

ఆయనకి గంపలగూడెంలో పురుగుమందుల కొట్టుంది. ఇల్లు తిరువూరులో మాకు రెండు వీధుల అవతల. భార్య గోవిందమ్మగారు, మా అమ్మ కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఆయనది ఎప్పుడూ తెల్లటి టెర్లిన్ చొక్కా, నుదుట బొట్టు, నోట్లో వక్కపొడి. చూస్తే పెద్దమనిషి కాదని ఎవరూ అనరు. బస్సెక్కగానే అందరికీ వినపడేలా, "నమస్కారం మేడం, నాన్నగారు కులాసానా?" అంటాడు. కులాసా కనుక్కున్నాక వచ్చి నా వెనక సీట్లో కూర్చుంటాడు. అక్కణ్ణుంచి తిరువూరు వచ్చేదాకా సీటు సందులోంచి ఆ చెయ్యి ఊరుకోదు. నేను సీటు మారితే ఆయనా మారతాడు. లేచి నిలబడితే కుదుపు వంక పెట్టి మీద పడతాడు. పడి, "సారీ మేడం" అంటాడు. ఆ సారీ వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నోరు విప్పి అరవొచ్చు కదా అంటారు. అరిస్తే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. ఊరికి తెలిస్తే నాన్నకి తెలుస్తుంది. మా నాన్న వెంకటప్పయ్యగారికి ఆడపిల్ల ఉద్యోగం చెయ్యడం మొదట్నుంచీ ఇష్టం లేదు. నాకు ఆర్డరు వచ్చిన రోజున, "వెళ్తే వెళ్ళు. నీ గురించి ఒక్క మాట వినపడిందా, ఆ రోజుతో సరి" అన్నాడు. తప్పెవరిదన్న ప్రశ్న ఆ మాటలో ఎక్కడా లేదు. ట్రెయినింగు చేసి, ఏళ్ళ తరబడి కాచుకుని తెచ్చుకున్న ఉద్యోగం అది. వాడి చేతి దురదకి దాన్ని బలి ఇవ్వను. అంటే, నలుగురికీ తెలియకుండా పని జరిగే సాధనమేదో నేనే వెతుక్కోవాలి.

బడిలో నాతోపాటు పనిచేసే ప్రేమకుమారికి ఒక్కదానికే చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "పిన్నీసు పెట్టుకో" అంది, గొడుగు తీసుకెళ్ళు అన్నంత తేలిగ్గా. పెట్టుకున్నాను. మొదటి పోటుకే వంగిపోయింది. ఇంకాస్త పెద్దది కొన్నాను. అది గుచ్చిన రోజున వెనక కూర్చున్నది ఆయన కాదు, నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని వస్తున్న ఎవరో ముసలావిడ. పాపం, మోకాలు ముందుకి జరుపుకుంది. ఆవిడ తిట్లు తిరువూరు దాకా వింటూనే ఉన్నాను. పక్క సీట్లోంచి మధుసూదనరావు, "పోనీలెండి పెద్దమ్మా, మేడం కావాలని చేస్తారా" అని సర్దిచెప్పాడు కూడా.

"అయితే కారమే" అంది ప్రేమకుమారి.

కారం సరే, దేంట్లో పెట్టుకోవాలి? ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ నెలంతా నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు. కాగితంలో పొట్లం కట్టుకెళితే చేతిసంచిలో విడిపోయి పరీక్ష పేపర్లకి పట్టింది. దిద్దుతున్నంతసేపూ కళ్ళవెంట ధారలు. ముందు బెంచీ పిల్ల, "అన్ని తప్పులు రాశామా మేడం?" అని దిగులుగా అడిగింది. పౌడరు డబ్బా గుప్పిట్లో పట్టదు. కుంకుమ భరిణె ముద్దుగానే ఉంది, కానీ దాని మర తిప్పడానికి రెండు చేతులు కావాలి. ఆ బస్సులో నా ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉంటుంది. ఆడదాని చేతిలో ఇమిడేది, ఒంటిచేత్తో తెరుచుకునేది ఒక్కటంటే ఒక్కటి ఎవడూ తయారు చెయ్యలేదేం అని దుకాణాలన్నిటి మీదా కోపం వచ్చింది.

చివరికి అటక మీద తాతయ్య ముక్కుపొడుం డబ్బా దొరికింది. ఇత్తడిది. గుప్పిట మూస్తే కనపడదు. బొటనవేలితో తోస్తే మూత పక్కకి జారిపోతుంది. దొడ్లో నిలబడి సాధన చేశాను. కారంతో చేస్తే ఇల్లంతా దగ్గుతుందని పొయ్యిలో బూడిద నింపుకున్నాను. అరటిచెట్టుని మధుసూదనరావు అనుకుని విసిరితే బూడిద పొగలా లేచి చెట్టంతా కమ్మేసింది. నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మర్నాడు పొద్దున్న వంటింట్లో జాడీలోంచి కారం తీసి, ఎంత ఎక్కువ పడితే అంత మంచిదని కూరికూరి నింపాను.

ఆ సాయంత్రం బస్సు ఊరు దాటిందో లేదో చెయ్యి వచ్చింది. చటుక్కున వెనక్కి తిరిగాను. మూత తోశాను. కళ్ళల్లోకి గురిచూసి విసిరాను.

ఏమీ ఎగరలేదు. డబ్బాలోంచి కారం ముద్దగా ఊడొచ్చి, ఆయన భుజం మీద టపుక్కున పడి, చొక్కా మీదుగా జారి ఒళ్ళో ఆగింది.

మా ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా కారం వేసవిలో ఒక్కసారే కొట్టిస్తారు. ఉప్పూ వెల్లుల్లీ వేసి, పాడవకుండా నూనె కలిపి జాడీకెత్తుతారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ కారమే తింటున్నాను. అది ఎగరదని, అంటుకుంటుందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. పైగా చలికాలం, ఇంకా గట్టిపడింది.

వెల్లుల్లి వాసన బస్సంతా కమ్ముకుంది. "వేడన్నం ఉంటే బాగుండు" అన్నాడు వెనకెవరో. అందరూ నవ్వారు. మధుసూదనరావు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వి, "క్యారేజీ మూత ఊడినట్టుంది మేడం, జాగ్రత్త" అన్నాడు. కండక్టరు వచ్చి, "పచ్చళ్ళూ అవీ కింద పెట్టుకోవాలమ్మా, చదువుకున్నోళ్ళు మీకు చెప్పాలా?" అని కసిరాడు. క్యారేజీ ఏది అని ఒక్కరు చూడలేదు. ఎందుకు విసిరావమ్మా అని ఒక్కరు అడగలేదు. బస్సు దిగి నడుస్తుంటే ఏడుపొచ్చింది. భయంతో కాదు, కసితో.

మర్నాడు ఆదివారం. నాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. గోవిందమ్మగారు చేతిలో బట్ట చుట్టతో లోపలికి వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది. చుట్ట విప్పింది. తెల్లటి టెర్లిన్ చొక్కా. భుజం నుంచి కిందిదాకా ఎర్రటి నూనె మరక.

"అక్కయ్యా, ఇది ఒకసారి వాసన చూడండి" అంది.

అమ్మ చూసింది. చూడక్కర్లేదు కూడా. నాన్నకి కడుపుబ్బరమని మా అమ్మ కారంలో వాము వేస్తుంది. మా వీధుల్లో ఇంకెవరూ వెయ్యరు. ఆ వాసన తెలిసినవాళ్ళు దాన్ని ఇంకో ఇంటి కారం అనుకోరు. "మా కారమే" అంది అమ్మ. "నీకూ ఓ సీసాడు ఇచ్చానుగా?"

"మీరిచ్చింది దసరాకే అయిపోయింది. ఈయనేమో హోటల్లో సాంబారు ఒలికిందన్నాడు." గోవిందమ్మగారు చొక్కా మడత పెడుతూ అంది. "సాంబారులో వాము ఏ హోటలువాడు వేస్తాడక్కయ్యా?"

అమ్మ నావైపు చూసింది. గోవిందమ్మగారూ చూసింది. నా ఉద్యోగం అంతటితో సరి అనుకున్నాను.

"బస్సులోనా, ప్రమీలా?" అందావిడ.

తలూపాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఏం చేశాడని గానీ, ఎన్నాళ్ళ నుంచి అని గానీ. ఆవిడకిది కొత్త కాదని అప్పుడర్థమైంది.

మాటలు విని నాన్న లోపలికి వచ్చాడు. చొక్కా చూశాడు, నన్ను చూశాడు. సంగతి బోధపడి మొహం నల్లబడింది. "అందుకే నేను మొదట్నుంచీ చెప్తున్నా. రేపట్నుంచి బడీ వద్దు, బస్సూ వద్దు" అన్నాడు.

గోవిందమ్మగారు లేచి నిలబడింది. నాన్న ఎదుట గొంతెత్తి మాట్లాడ్డం ఆవిడకి అలవాటు లేదు. పైట భుజం చుట్టూ లాక్కుంది.

"అన్నయ్యగారూ, బస్సు మానాల్సింది అమ్మాయి కాదు. మానాల్సినవాణ్ణి నేను మానిపిస్తాను. అమ్మాయిని మాన్పించారంటే తప్పు తనదని మీరే ఊళ్ళో చాటినట్టు" అంది.

నాన్న తిరిగి వరండాలోకి పోయి పేపరు తీశాడు. చొక్కా తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నన్ను బడి మానమనీ అనలేదు, తప్పు నీది కాదనీ అనలేదు.

సోమవారం సాయంత్రం వెనక సీట్లో బస్తాలతో ఎవరో రైతు కూర్చున్నాడు. సగం దారిలో బస్సు ఒక సైకిలుని దాటింది. రంగు చొక్కా, చెవులకి మఫ్లరు, ఎదురుగాలికి వంగి తొక్కుతున్నాడు. కండక్టరు తల బయటపెట్టి చూసి, "మధుసూదనరావుగారు. బస్సు పడట్లేదంట, సైకిలు మీద తిరుగుతున్నాడు" అన్నాడు.

"అయ్యో, ఈ చలిలో" అంది ఒకావిడ.

"బంగారం లాంటి మనిషి" అన్నాడింకొకాయన.

బస్సంతా జాలిపడింది. నన్ను ఇన్ని నెలలు చూసిన బస్సు అది. అరవాలనిపించింది. అరవలేదు. గుప్పిట్లో ఖాళీ డబ్బా నొక్కుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ దొడ్లో రోట్లో ఏదో దంచుతోంది. ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుంది. నన్ను చూసి చెయ్యి చాపింది. ఏమడుగుతోందో అర్థమై డబ్బా ఇచ్చాను. కొంగుతో లోపలంతా తుడిచి, పొడిపొడిగా ఉన్న ఎర్రటి కారం అందులో వదులుగా పోసి, మూత జరిపి, నా చేతిలో పెట్టింది.

"ఉప్పు వెయ్యలేదు, నూనె కలపలేదు" అంది. "వాము మాత్రం వేశాను."