ఫోను ఎత్తనివాళ్ళు

ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఫోన్లు చేసి అభిప్రాయాలు అడగడం ఆమె ఉద్యోగం. ఆ నెల సిటీ బస్సుల మీద సర్వే. ఇంటి ఫోనైనా సెల్ అయినా, కంప్యూటర్ ఏది కలిపితే దాంట్లో మాట్లాడాలి.

ఇంటి ఫోన్లు ఇట్టే ఎత్తేవారు. "బస్సులకేం తల్లీ, బంగారంలా ఉన్నాయి. మా కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటాగా!" అన్నాడొక పెద్దాయన. ఆయన బస్సెక్కి ఎన్నాళ్ళయిందని అడిగే ప్రశ్న ఆమె దగ్గర లేదు.

సెల్ నంబర్లది వేరే గోల. చాలామంది ఎత్తరు. ఎత్తినవాళ్ళేమో, "బస్సులో వేలాడుతున్నానండీ, తర్వాత చేయండి" అని పెట్టేసేవారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగడమే. చివరికి 'జవాబు లేదు' అని నొక్కి ముందుకు పోవాలి. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక సూపర్‌వైజరుతో అనేసింది. "సార్, బస్సుల్లో నలిగేవాళ్ళు దొరకట్లేదు. ఇంటిపట్టున ఉన్నవాళ్ళే అంతా బాగుందంటున్నారు."

అతను కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "తెలుసమ్మా. అందుకే సెల్‌లో దొరికిన ఒక్క కుర్రాడి మాటనీ, దొరకని పదిమంది మాటగా లెక్కేస్తాం. కానీ వాడూ తీరిగ్గా ఉన్నాడు కాబట్టే దొరికాడు. రిపోర్టు చివర ఓ ముక్క రాస్తాలే. ఎవరు చదువుతారో మరి."

ఆ సాయంత్రం బస్సులో కాలు మోపే చోటు దొరకడమే గగనమైంది. పక్కన నిలబడ్డ నర్సు ఫోను మోగింది. తెర మీద తమ ఆఫీసు నంబరు. నర్సు టక్కున కట్ చేసింది.

"అయ్యో అక్కా, అది మా ఆఫీసే! ఈ బస్సుల సంగతి అడగడానికే."

"అయితే నా తరఫున నువ్వే చెప్పెయ్యి తల్లీ. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నా. నోరు విప్పే ఓపిక లేదు."

"మేం చెప్పకూడదక్కా. ఆ సంచీ ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటా. ఒక్కసారి తిరిగి చేయండి."

నర్సు నిట్టూర్చి చేసింది. ప్రశ్న వినగానే, "అస్సలు బాలేవమ్మా!" అని అరిచింది. అదే క్షణాన డ్రైవరు హారన్ మోగించాడు.

"ఏమన్నారండీ? వినపడట్లేదు."

"బాలేవు! బాలేవు!"

"మా తరఫున కూడా చెప్పమ్మా!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. నవ్వులు. లైను తెగిపోయింది. నర్సు సంచీ తీసుకుని తన స్టాపులో దిగిపోయింది.

మర్నాడు సాయంత్రం షిఫ్టు అమ్మాయి చెప్పింది: "నిన్న ఎవరో ఒకావిడ ఒకటే అరుపులు. ముక్క అర్థమైతే ఒట్టు. జవాబు లేదని కొట్టేశా."

"ఆవిడ ఏం చెప్పిందో నేను విన్నాను."

"నువ్వు వింటే ఏం లాభం?" అంది ఆ అమ్మాయి. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

చాలామంది ప్రయాణికులు తృప్తిగా ఉన్నారని రిపోర్టు వచ్చింది. సూపర్‌వైజరు రాసిన ముక్క చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కొన్నాళ్ళకి సాయంత్రం బస్సుల్లో ఒకటి తగ్గించారు.

ఆ రోజు స్టాపులో, క్రిక్కిరిసిన బస్సు ఆగకుండా పోయాక, ఆమె మొగుడికి ఫోను చేసింది.

"వంట నువ్వే మొదలుపెట్టు. నాకు లేటవుతుంది."

"మళ్ళీనా?"

"మళ్ళీనే," అని గోడకి చేరగిలబడింది.